నొప్పుల పుస్తకంలో అన్న గడి

ఈ రోజు పొద్దున కుడి పిక్క పట్టేసింది. మడమ పక్కన, నిన్న కంకరరాయి గుచ్చుకున్న చోట, వేలితో నొక్కితే చురుక్కుమంటోంది. ఎడమ బొటనవేలి కింద చర్మం మళ్ళీ పొర లేచింది. అన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఈ మూడూ పుస్తకంలో నా గడిలో రాసుకున్నాను. మూడు నొప్పులూ నావే, మూడూ నాకు తెలుస్తున్నాయి. అందుకు సంతోషించాలో సిగ్గుపడాలో అర్థంకాక, పెన్నుకు మూత పెట్టకుండా కాసేపు అలాగే ఉండిపోయాను.

నాకు యాభై దాటాయి. చెప్పుల్లేకుండా పరిగెత్తడం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. మాది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. నాన్న పోయాక గుంట మగ్గం అన్నకు వచ్చింది, నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. వదినతో కలిసి ఆ పాత ఇంట్లోనే ఉంటాడు. నేను ఊరి ఇంకో చివర, కొత్తగా లేచిన కాలనీలో ఉంటాను.

పరుగు నాకు మడమ నొప్పి వల్ల పట్టుకుంది. క్లాసులో నిలబడి నిలబడి మడమలు సలిపేవి. బూట్లు మార్చాను, లోపల మెత్తలు వేశాను, వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు నానబెట్టాను. ఒకరోజు ఫోన్లో ఎవరో వట్టి కాళ్ళతో హాయిగా పరిగెత్తుతూ, పాదాన్ని దాని పని దాన్ని చేయనివ్వండి అని చెబుతున్న వీడియో చూశాను. ఆ మాట నాకు భలే నచ్చింది. మర్నాడు తెల్లవారగానే కాలనీ వెనక, శనక్కాయ చేలల్లోకి పోయే ఎర్రమట్టి బండిదారిలో చెప్పులు విడిచి నిలబడ్డాను. దారి పక్కనే కరెంటు స్తంభాల వరుస. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరిగెత్తి, అరికాళ్ళలో దిగిన పల్లేరుకాయలు ఏరుకుంటూ కూర్చున్నాను. గొర్రెలు తోలుకుపోతున్న ఆయన ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా సారూ, చెప్పులు యాడన్నా పోగొట్టుకుంటివా?"

"లేదప్పా, కావాలనే ఇడ్సినా."

"కావాలనే ముండ్లు తొక్కుతాండావా? సదువుకున్నోళ్ళకు శానా పనులుంటాయిలే," అని గొర్రెల్ని అదిలించుకుంటూ పోయాడు.

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఆ పని ఇంక వదలను. నెలకు ఒక స్తంభం చొప్పున ముందుకు జరిగాను. పిక్కలు పట్టేసేవి, వేళ్ళ సందులు చీరుకునేవి, ఒక్కోరోజు నిన్నటికంటే అర స్తంభం వెనకబడేవాణ్ణి. అయినా దిగులు పడకూడదని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. బడిలో సగం వాడి పక్కన పడేసిన పాత హాజరు పుస్తకం ఒకటి తెచ్చుకుని, రోజూ ఎన్ని స్తంభాలో, ఏ నొప్పో రాసి, ప్రతి నొప్పి పక్కన ఒక మంచి మాట రాసేవాణ్ణి. 'పిక్క పట్టింది. కండ పని నేర్చుకుంటోంది.' 'మడమ మంట. నిన్నటికంటే నయం.' వెనకబడిన పిల్లల మార్కుల కార్డు మీద ముప్పై ఏళ్ళుగా ఇలాంటి మాటలే రాశాను కాబట్టి ఆ విద్య నాకు కొత్త కాదు. బాగా పరిగెత్తిన రోజు ఒక నక్షత్రం గీసుకునేవాణ్ణి. దానికి నొప్పుల పుస్తకం అని పేరు కూడా పెట్టాను. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ పుస్తకం వల్లనే నేను ఏడు నెలల్లో ఎనిమిదో స్తంభం చేరాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పంతులుకు తాను నేర్చుకున్నది ఎవరికో ఒకరికి చెబితేగానీ అన్నం సయించదు. నాకొక శిష్యుడు కావలసి వచ్చాడు.

అన్నకు పదేళ్ళుగా షుగరు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చునే మనిషి, వేరే కదలిక లేదు. కాస్త పరిగెత్తితే షుగరు దిగుతుందని నా లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పంతా చెప్పుల దగ్గర జరిగింది. డాక్టరు అన్నకు మెత్తటి అట్టల చెప్పులు రాసిచ్చి ఉన్నాడు. నేను పిలవడానికి వెళ్ళిన రోజు వదిన ఆ చెప్పులు తెచ్చి నా ముందే పెట్టింది.

"డాక్టరు ఇంట్లోగూడా ఇవి ఇడ్సొద్దన్యాడప్పా. ఏసుకోని పరిగెత్తితే ఏమైతాది?"

"డాక్టర్లు అందరికీ అదే చెప్తారు వదినా," అన్నాను నవ్వుతూ. "నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్ళవి. వాటికి చెప్పులెందుకు?"

అన్న మొహం వెలిగింది. తన కాళ్ళ గురించి ఒకరు మంచిగా మాట్లాడడం ఆయన వినడం అదే మొదటిసారి అనుకుంటాను. మగ్గం కింద తొక్కుడు చెక్కల పట్టు తెలియాలని నేతగాళ్ళు వట్టి కాళ్ళతోనే తొక్కుతారు. అన్న అరికాళ్ళు నల్లగా, దళసరిగా, బిరుసుగా ఉండేవి. వాటిని చూసి నేను నిజంగానే అసూయపడ్డాను. ఆ చెప్పుల్ని సరదాగా నా బండి డిక్కీలో పడేసి తాళం వేశాను.

రోజూ అన్నను బండిమీద ఎక్కించుకుని బండిదారికి తీసుకెళ్ళేవాణ్ణి. నొప్పుల పుస్తకంలో ఇంకో గడి గీశాను. పరుగయ్యాక నా నొప్పులు రాసుకుని, "నీకేముండాదన్నా?" అని అడిగేవాణ్ణి.

"నాకేం ల్యాదురా. అంతా బాగుండాది," అనేవాడు.

అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాసి నక్షత్రం గీసేవాణ్ణి. మొదటి వారమంతా నక్షత్రాలే. నాకు ఏడు నెలలు పట్టిన ఎనిమిదో స్తంభం అన్న ఆరు వారాల్లో చేరాడు. పల్లేరుకాయలు తొక్కినా మొహంలో ముడత పడేది కాదు. ఒకసారి ఎండెక్కిన రాతిమీద నేను గంతులేస్తుంటే ఆయన తాపీగా నిలబడి నన్ను చూసి నవ్వాడు. అన్న పాదాల ఫోటో తీసి స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. ఇవీ కాళ్ళంటే, అన్నాను.

ఇంకొకటి కూడా జరిగింది. ఇది రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఒకరోజు పరుగు మధ్యలో ఆగి అన్న అన్నాడు:

"ఈ మధ్య కాళ్ళ కింద దూది పరిసినట్లుండాదిరా. నేల తగిలినట్లే ల్యాదు."

దూది సంగతి నేతగాడికంటే బాగా ఎవరికి తెలుసు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. నేను ఆయన భుజం తట్టాను.

"అదేన్నా, అదే! పాదం గట్టిపడతాండాది. నాకింకా ఆ దశ రాలేదు, నీకు వచ్చేసింది."

ఆ రోజు అన్న గడిలో రెండు నక్షత్రాలు గీశాను.

తర్వాత రెండు వారాలకు, ఒక ఆదివారం, వదిన ఫోన్ చేసింది. మగ్గం గుంట ఊడ్చడానికి దిగితే కుడివైపు చెక్క జిగటగా తగిలిందట, చుట్టూ ఈగలట. "మీయన్న కాలు సూడు రాప్పా," అంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. వెళ్ళేసరికి అన్న మంచం మీద కూర్చుని తన పాదాన్ని తానే వింతగా చూసుకుంటున్నాడు. బొటనవేలి మొదట్లో తుమ్మముల్లు లోపలికంటా దిగి విరిగిపోయింది. చుట్టూ నలుపెక్కింది. ముల్లు దిగి నాలుగైదు రోజులై ఉంటుందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. ఆ నాలుగైదు రోజులూ నేను ఆయన పక్కనే పరిగెత్తాను. ఆ రోజుల గడులన్నింటిలోనూ 'ఏమీ లేదు' అని నా చేతిరాతే ఉంది.

అన్ననూ వదిననూ కారులో ఎక్కించి, వెనకే నా బండిమీద నేనూ కర్నూలు వెళ్ళాను. డాక్టరు కాలు చూస్తూ అడిగాడు, ముల్లు గుచ్చుకున్నప్పుడు తెలియలేదా అని. ల్యాదు సార్, అన్నాడు అన్న. నడుస్తుంటే? ల్యాదు సార్. డాక్టరు తల ఎత్తి చూశాడు. అప్పుడు అన్న కొంచెం నిటారుగా కూర్చుని, "నాకు నొప్పి తెలీదు సార్. నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్ళు," అన్నాడు.

అది నా మాట. నేను చెప్పిన పాఠాన్ని మంచి విద్యార్థిలా అప్పజెప్పాడు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోతోందని, అందుకే ఆ చెప్పులు ఇచ్చి ఉంటారని డాక్టరు చెబుతుంటే, నేను గోడమీద ఏదో కాగితం చదువుతున్నట్టు నటించాను. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. ఆ సాయంత్రం నీళ్ళ సీసా కోసం బండి డిక్కీ తెరిస్తే చెప్పులు కనిపించాయి. అట్టలు కొంచెం కూడా అరగలేదు. వాటిని కవర్లో చుట్టుకుని వార్డు దాకా వెళ్ళి, లోపలికి పోలేక మెట్ల మీద కూర్చుండిపోయాను.

వదిన నన్ను తిట్టలేదు. డిశ్చార్జి రోజు ఆటో ఎక్కబోతూ ఒక్క మాట అంది. "సదువుకున్నోడివని నమ్మితిమప్పా." అంతే. తిట్టి ఉంటే ఎన్నడో మరిచిపోయేవాణ్ణి.

పరుగు మానేశాను. బూట్లు వేసుకుని బడికి పోయి వచ్చేవాణ్ణి. మడమ నొప్పి మళ్ళీ వచ్చింది, రానీ అనుకున్నాను. అన్నను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆయన నా కాళ్ళకేసి చూసేవాడు. మూడు నెలలయ్యాక ఒకరోజు అడిగేశాడు.

"ఎన్నో స్తంభంకాడ ఉండావురా ఇప్పుడు?"

"మానుకున్నాన్నా."

"ఎందుకు మానుకున్యావు? నీ కాళ్ళు బాగుండాయి కదా. నీకు నొప్పి తెలుస్తాది కదా." మళ్ళీ తనే, "రోజూ మన ఇంటిదాకా పరిగెత్తుకుంటా రా. నాకూ ప్రొద్దుపోతాది," అన్నాడు.

అలా మళ్ళీ మొదలైంది. ఇప్పుడు స్తంభాలు లెక్కపెట్టడం లేదు. మా కాలనీ నుంచి అన్న ఇంటికి పోవడం, అదే పరుగు. మొదట్లో దారిలో నాలుగుచోట్ల ఆగేవాణ్ణి, ఇప్పుడు ఒక్కచోట ఆగుతున్నాను. పెద్ద గొప్పేమీ కాదు, కానీ ముందుకే పోతున్నాను. అడుగు పడిన ప్రతిచోటా నేల ఎలా ఉందో నా పాదం నాకు చెబుతుంది. చల్లన, గరుకు, తడి, రాయి. ఆ కబుర్లు వినడం నాకు ఇష్టం, ఇష్టమైనందుకు తప్పు చేసినట్టు ఉంటుంది. ఆ వీధుల్లోనే మా అన్న తల వంచుకుని నేలను చూసుకుంటూ నడుస్తున్నాడు, వేళ్ళు తీసేసిన చోట దూది కూరిన చెప్పులు వేసుకుని.

అన్న ఇంటికి వచ్చాక నాకొక పని ఉంటుంది. రోజూ ఆయన పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు పరీక్షగా చూడాలని, ఎక్కడ స్పర్శ తెలుస్తోందో ఎక్కడ తెలియడం లేదో రాసుకురావాలని డాక్టరు చెప్పాడు. వచ్చే నెల అది చూసి, మళ్ళీ మగ్గం గుంటలోకి దిగొచ్చో లేదో చెబుతానన్నాడు. అన్నకు ఇప్పుడు కావలసింది అదొక్కటే. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. వదిన దానిమీద పాత దుప్పటి కప్పింది, అన్న రోజుకొకసారి దుప్పటి తీసి చూసి మళ్ళీ కప్పుతాడు. పక్కింటి మగ్గం చప్పుడు మొదలుకాగానే లేచి లోపలికి వెళ్ళిపోతాడు.

ఈ రోజూ అలాగే అరుగు మీద ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. వదిన చీపురుపుల్ల ఒకటి విరిచి ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

"కండ్లు మూసుకోన్నా."

మూసుకున్నాడు. మడమ మీద తాకించాను. "తెలుస్తాంది," అన్నాడు. పాదం నడుమ తాకించాను. కొంచెం ఆలోచించి, "తెలుస్తాంది," అన్నాడు. వేళ్ళ మొదట్లో, తొక్కుడు చెక్క ఆనే చోట తాకించాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా తాకించాను. పలకలేదు. మూడోసారి తాకించడానికి నాకు చెయ్యి రాలేదు. పుల్లను అరుగు మీద పెట్టేసి కళ్ళు తుడుచుకుంటున్నాను.

"ఆఁ, ఈడ తెలుస్తాందిరా," అన్నాడు అన్న. "ఈ పొద్దు శానా బాగా తెలుస్తాంది."

నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. తలెత్తి చూస్తే వదిన నావైపే చూస్తోంది. ఆమె కూడా పుల్లను చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

పుస్తకం తీశాను. నా గడిలో మూడు నొప్పులున్నాయి. అన్న గడిలో పెన్ను పెట్టాను.

"రాసినావా?" అన్నాడు, ఇంకా కళ్ళు తెరవకుండానే.

"రాసినాన్నా."

"ఏమని?"

"తెలుస్తాందని."

ఆయన నవ్వి కళ్ళు తెరిచి, కాలు మెల్లగా నా ఒళ్ళోంచి తీసుకున్నాడు. నేను రాసింది 'ఏమీ లేదు' అని. నక్షత్రం పెట్టలేదు.