చలి దాటిన పెట్ట

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను సాలూరు బస్టాండులో ఉన్నాను. చేతిలో కోళ్ల గురించిన చిన్న పుస్తకం. అది అత్తకి చదివి వినిపించి, తప్పు నాదేనని చెప్పడానికే బయల్దేరాను.

అరకు పైన మా ఊళ్లో చలికాలం పొద్దున్నే ముందు లేచేది అత్తే. గంప ఎత్తి, ఒక్కో పెట్ట రెక్క కింద చెయ్యి పెట్టి వెచ్చదనం చూసేది. చలి దాటి బతికిన పెట్టల గుడ్లే పొదగేసేది. పుంజుల్లో మాత్రం పెద్ద ఎర్ర తురాయి ఉన్నదాన్ని ఏటా కొండ అమ్మోరికి ఇచ్చేసేది.

నాకు ఒళ్లు మండేది. "అంత మంచి పుంజుని కోసెయ్యడమేటి? మూఢనమ్మకం కాదా?" అని కరపత్రాల్లో చదివిందంతా వల్లించేవాణ్ణి.

"ఓరి గుంటడా, అందగాడు అమ్మోరికి, సలికి ఓర్చినోడు మనకి. అరిసింది సాల్లే, బేగి తిను" అనేది.

ఓ ఏడు పండగ ముందు ఆ అందగాణ్ణి ఎత్తుకెళ్లి దాచేశాను. మొక్కు ఆగదు కదా, దాని బదులు చిన్న తురాయి పుంజు అమ్మోరికి పోయింది. పండగయ్యాక అందగాణ్ణి తెచ్చి మందలో వదిలాను. తర్వాత పుట్టినవన్నీ అందగాడి పిల్లలే. మరుసటి చలికి వాటి తురాయిల కొసలు నల్లబడ్డాయి. ఒక్కొక్కటే ముడుచుకుని చచ్చాయి. అత్త తన దుప్పటి సగం చింపి మిగిలినవాటికి కప్పింది.

"ఏటిరా, నీ అందగాడి పిల్లలకి సొక్కాలు కుట్టించవా?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు భరించలేక, నోటికొచ్చింది అనేసి కొండ దిగిపోయాను. రెండు చలికాలాలు మాట్లాడలేదు.

పెద్ద తురాయిలోంచి ఒంటి వేడి ఎక్కువ పోతుందట. చిన్న తురాయి, చలిని ఓర్చే గుణం జన్యువుల్లో పిల్లలకి దిగుతాయట. చలి దాటినవాటినే ఏటా పొదిగిస్తే మందంతా గట్టిపడుతుందట. ఇదంతా ఆ పుస్తకంలో ఉంది. మీరే చెప్పండి, బడి మొహం చూడని మా అత్త చేసిందేమిటి?

ఊళ్లో అత్త కార్యాలన్నీ అయ్యాక పక్కింటి పెద్దమ్మ నన్ను గంప దగ్గరికి తీసుకెళ్లింది. అందులో ఒక ముసలి పెట్ట గుడ్లు పొదుగుతూ ఉంది. కింద అత్త దుప్పటి ముక్క.

"మీ అత్త పై ఊరోళ్లకి నీ అందగాణ్ణి ఇచ్చేసి, సిన్న తురాయి పుంజుని తెచ్చింది. 'ఈ పిల్లలు మా గుంటడికే, ఆడొత్తాడు' అనేది."

పెట్ట రెక్క కింద చెయ్యి పెట్టాను. గట్టిగా పొడిచింది. లోపల వెచ్చగా ఉంది. బయట మంచు ఇంకా విడలేదు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.