మ్యాచ్‌కి ముందు, సిస్టరమ్మ డిక్కీ దగ్గర

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు సైట్‌లో, పదింటి చాయ్ వేళ తెలిసింది. ఒమాన్‌లోని అల్ ఖౌద్‌లో ఒక మూడంతస్తుల ఇంటికి ప్లాస్టరింగ్ చేస్తున్నాం. మా రూమ్‌లో ఉండే గంగన్న ఫోన్ చెవికి ఆనించుకుని ఒకే వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. సిస్టరమ్మ భర్త, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన, తెనాలి దగ్గరి తమ ఊరి నుంచి పంపిన మెసేజ్ అది. “మీ సిస్టరమ్మ తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది నాన్నా. కుర్రాళ్లందరికీ మర్చిపోకుండా చెప్పమంది.”

మూడు నెలల కిందట వైద్యం కోసం ఊరికి వెళ్లిన మనిషి. తిరిగి వస్తుందనే అనుకున్నాం. కడసారి చూపుకు వెళ్లే వీలు మాకెవరికీ లేదు. ఆ రోజు డ్యూటీ ఆపలేదు. కానీ ఆ గోడ మీద నేను వేసిన ప్లాస్టరింగ్ వంకరగా వచ్చిందని ఫోర్‌మన్ రెండుసార్లు చెరిపించాడు.

ఆమె సీబ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను ఆమెను మొదట చూసింది అక్కడే. సైట్‌లో బూటు చీల్చుకుని నా కాల్లో మేకు దిగింది. కట్టు కడుతున్నామె తనలో తాను తెలుగులో ఏదో గొణుక్కుంటుంటే నాకు నొప్పి సగం తగ్గినట్టనిపించింది. మీదేవూరని అడిగింది. జగిత్యాల దగ్గరన్నాను. శుక్రవారాలు ఏం చేస్తారని అడిగింది. బట్టలు ఉతుక్కుంటాం, పండుకుంటాం అని చెప్పాను. ఆమె కట్టు ముడి వేస్తూ, వచ్చే శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, రూమ్‌లో ఉన్నవాళ్లందరినీ తీసుకుని స్టేడియం పార్కింగ్‌కి రమ్మంది. ఆట తెలియదన్నాను.

“నాకూ తెలియదు నాన్నా. ఆట చూసేవాళ్లు తెలుసు, చాలదా?”

అలా మొదలైంది. ఫుట్‌బాల్ పిచ్చి అంకుల్‌ది. ఆయన లోపల కూర్చుని అరుస్తాడు. సిస్టరమ్మ రాజ్యం మాత్రం బయట, తమ పాత ఏడు సీట్ల బండి డిక్కీ దగ్గర. మ్యాచ్‌కి మూడు గంటల ముందే వచ్చి, నీడ ఏ వైపు జరుగుతుందో చూసి బండి పెట్టించేది. మ్యాట్ పరిచేది. మేం ఆరుగురం, ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే ఇద్దరు ముగ్గురు, ఒక్కోసారి దారిన పోయే ముక్కూ మొహం తెలియనివాళ్లు. చుట్టూ ఒమానీ కుటుంబాలు కూడా అలాగే మ్యాట్లు పరుచుకుని, గహ్వా కాఫీ ఫ్లాస్కులు తెరుచుకుని కూర్చునేవి. ఒమాన్ జట్టు ఎర్ర జెండాలు, పిల్లల చెంపల మీద రంగులు, రోడ్డవతల బొగ్గుల మీద కాలే మాంసం పుల్లల వాసన. ఆటకంటే ఈ ముందరి మూడు గంటలే నాకు ఎక్కువ ఇష్టమని మొదటిరోజే తెలిసిపోయింది.

ఆ డిక్కీలో ఏముండేదని అడిగితే, ఏం లేదని చెప్పాలి? పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, కోడి వేపుడు. నిమ్మకాయలు, ఉప్పు, పంచదార విడివిడి సీసాల్లో. కాగితపు ప్లేట్లు, సబ్బు, చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న నీళ్ల డబ్బా. పిన్నీసులు, సూదీ దారం, చిరిగిన జెండా కుట్టడానికి ఎర్ర గుడ్డ ముక్క. ఎవరి చెప్పు తెగినా వేసుకోవడానికి ఒక పాత చెప్పుల జత. పక్కవాళ్ల బండి స్టార్ట్ కాకపోతే కరెంటు ఇచ్చే వైర్లు. నల్ల చెత్త సంచులు. ఐస్ పెట్టెలు రెండు. ఒకదాంట్లో తాగే నీళ్లూ లబన్ మజ్జిగ సీసాలూ, రెండోదాంట్లో ఉత్త ఐసూ తడి తువ్వాళ్లూ. రెండో పెట్టె మూత ఎవరినీ తీయనిచ్చేది కాదు. ఆ ఐస్ తాగడానికి కాదనేది. మరెందుకంటే, అక్కర్లేకపోతే సంతోషం అనేది.

తిన్నాక సంచి పట్టుకుని ఆమే మొదట వంగేది. మా ప్లేట్లే కాదు, గాలికి కొట్టుకొచ్చినవి కూడా ఏరేది. మోకాలు నొప్పి వల్ల వంగిన ప్రతిసారీ ఒక చేత్తో బండిని పట్టుకునేది. మనం వెళ్లాక ఇక్కడ ఎవరో ఉన్నారని ఎవరికీ తెలియకూడదు అనేది. మేం గేటు వైపు పరుగెడితే తను మాత్రం డిక్కీ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. బైబిలు చదువుకునేది, లేదా కళ్లు మూసుకునేది. గోల్ పడితే లోపలి నుంచి వచ్చే కేక విని, ఎవరు వేశారో మమ్మల్నే తర్వాత అడిగేది.

ఇప్పుడు ఒక విషయం రాయాలి. ఇది రాయకుండా ఆమె గురించి ఎంత రాసినా అబద్ధమే అవుతుంది.

ఒక ముఖ్యమైన మ్యాచ్ వచ్చింది. వేడి ఇంకా తగ్గని రోజులు. మా ఊరి నుంచి వస్తున్న ఒకాయనతో నేను డప్పు తెప్పించుకున్నాను. స్టేడియం ముందు డప్పు కొట్టాలని నా కోరిక. ఆ రోజు బండిలో సామాన్లు సర్దే పని సిస్టరమ్మ నాకు అప్పగించింది. తను డ్యూటీ నుంచి నేరుగా వస్తానంది. డిక్కీలో డప్పుకు చోటు లేదు. అటూ ఇటూ జరిపి చూశాను. చివరికి ఆ రెండో ఐస్ పెట్టెను బయటికి తీసి వాళ్ల బిల్డింగ్ మెట్ల కింద పెట్టేశాను. ఎప్పుడూ వాడని పెట్టె, ఈ ఒక్కరోజు లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. అంకుల్‌కి చెప్పలేదు.

పార్కింగ్‌లో డప్పు మోగించగానే జనం చుట్టూ చేరారు. ఒమానీ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నా జన్మలో అంత గర్వం ఎప్పుడూ లేదు. గంగన్న పొద్దుటి నుంచి స్లాబు మీద పనిచేసి నేరుగా వచ్చాడు. ఆడుతున్నాడు, ఎగురుతున్నాడు. కాసేపటికి ఎగరడం మానేసి ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఊళ్లో ఉన్న చెల్లెల్ని పిలుస్తున్నాడు. మేం నవ్వాం. సిస్టరమ్మ నవ్వలేదు. వచ్చి అతని నుదురు ముట్టుకుంది. చెమట ఆగిపోయి ఒళ్లు పెనంలా కాలిపోతోందట. ఆమె చేతుల్లోనే గంగన్న కూలబడ్డాడు.

అంబులెన్స్‌కి ఫోన్ చేయమని అంకుల్‌తో చెప్పి, గంగన్న చొక్కా గుండీలు తెంపేస్తూ నా వైపు తిరిగింది.

“రెండో పెట్టె తీసుకురా నాన్నా.”

“లేదు సిస్టరమ్మా.”

ఒక్క క్షణం నన్ను చూసింది. ఆ చూపు డప్పు మీదికి వెళ్లింది. మళ్లీ గంగన్న మీదికి దిగింది. మొదటి పెట్టెలో ఐస్ అప్పటికే కరిగి సగం నీళ్లయ్యింది. ఉన్నది అతని మెడ కింద పెట్టి, పక్క మ్యాట్ల దగ్గరికి పరుగెత్తమంది. నేను పరుగెత్తాను. నాకొచ్చిన నాలుగు అరబీ ముక్కలూ ఆ క్షణాన మర్చిపోయాను. వేలితో చూపించాను. వాళ్లకి అర్థమైంది. ఒకాయన తన ఐస్ పెట్టెను అలాగే ఎత్తుకొచ్చాడు. ఒకావిడ తడిపిన చున్నీ ఇచ్చింది. చంకల్లో, మెడ దగ్గర, తొడల దగ్గర ఐస్ పెట్టింది సిస్టరమ్మ. నోట్లో నీళ్లు పోయబోయిన వాళ్లని ఆపింది. ఇద్దరు ఒమానీ కుర్రాళ్లు తమ పెద్ద జెండాను రెండువైపులా పట్టుకుని విసనకర్రలా విసిరారు. అంబులెన్స్ వచ్చేసరికి గంగన్న కళ్లు తెరిచాడు. ఆమె అతనితోనే ఎక్కి వెళ్లిపోయింది.

గంగన్న నాలుగు రోజుల్లో రూమ్‌కి వచ్చాడు. ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడట. నేను సిస్టరమ్మ ఎదుటికి వెళ్లలేదు. వారం తర్వాత ఆమే మా లేబర్ క్యాంపుకి వచ్చింది. గంగన్నకు బీపీ చూసింది. మజ్జిగ ఎలా తాగాలో చెప్పింది. వెళ్తూ వెళ్తూ నన్ను బయటికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“వచ్చే మ్యాచ్‌కి డప్పు తీసుకురా. చోటు నేను చేస్తాను.”

చేసింది. తర్వాతి మ్యాచ్‌కి డిక్కీ తెరిస్తే రెండు ఐస్ పెట్టెలూ ఉన్నాయి, డప్పుకు సరిపడా ఖాళీ ఉంది. నేను సంబరంగా కొట్టాను. మేం లోపలికి వెళ్లే వేళకు చూస్తే సిస్టరమ్మ బండికి ఆనుకుని నిలబడి ఉంది. మడత కుర్చీ లేదు. ఆ మోకాళ్లతో ఆ సాయంత్రమంతా నిలబడింది. ఏమైంది కుర్చీ అని అంకుల్ అడిగితే, ఇంట్లో మర్చిపోయానంది. మర్చిపోయే మనిషి కాదని నాకు తెలుసు. ఆ రోజు మ్యాచ్ ఎవరు గెలిచారో ఇప్పటికీ నాకు గుర్తులేదు. ఆ తర్వాత డప్పు నా ఒళ్లోనే పెట్టుకుని వెళ్లేవాణ్ని.

పెట్టె తీసింది నేనేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ గంగన్నకు చెప్పలేదు. ఇద్దరం ఒకే రూమ్‌లో, కింద మంచం అతనిది, పై మంచం నాది. చెప్పాలనుకున్న ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది.

పోయిన నెల అంకుల్ ఇల్లు ఖాళీ చేయడానికి సీబ్ వచ్చాడు. సన్నబడ్డాడు. ఆ శుక్రవారమే మ్యాచ్ ఉంది. ఒక్కసారి అందరం వెళ్దామన్నాడు. ఈసారి సామాన్లు మేమే తెస్తామన్నాం. ఎవరికి వాళ్లు తెచ్చారు. బండి డిక్కీ తెరిస్తే ఆరుగురిలో ఐదుగురు ఐసే తెచ్చారు. ప్లేట్లు ఎవరూ తేలేదు. నేను చేసిన పులిహోర ముద్దయిపోయింది. అంకుల్ దాన్ని అరచేతిలో పెట్టించుకుని తిన్నాడు. బాగుందన్నాడు. అంత అబద్ధం ఆయన ఆడగా నేనెప్పుడూ వినలేదు.

చేతులు కడుక్కుంటున్నప్పుడు గంగన్న పక్కన నేనొక్కణ్నే ఉన్నాను. ఇక దాచుకోలేకపోయాను. “గంగన్నా, ఆ దినం ఐస్ పెట్టె దీసింది నేనే. డప్పు కోసం.”

గంగన్న సబ్బు నా చేతికిచ్చాడు. “నాకెరుకే. సిస్టరమ్మ జెప్పలే. కానీ పెట్టె జాగల డప్పుండె, మనలో డప్పు కొట్టేటోడివి నువ్వొక్కనివే గద.”

“మరి అడగకపోతివి?”

“ఆమెనే అడగలే. నేనేమడుగుత?”

చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉండిపోయాను.

గేట్లు తెరిచారు. అంకుల్ నన్ను పొమ్మన్నాడు, తను కాసేపాగి వస్తానన్నాడు. పక్క బండి దగ్గర ఒక ముసలి ఒమానీ ఆయన చేతికర్ర పట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆయనతో వచ్చిన కొడుకులూ మనవలూ లోపలికి వెళ్లిపోయారు. వచ్చీరాని హిందీలో అంకుల్‌ని మీ ఆవిడ ఏదని అడిగాడు. అంకుల్ వేలితో ఆకాశం వైపు చూపించాడు. ముసలాయన తల ఊపి, తన ఆవిడా అక్కడేనన్నట్టు తనూ అలాగే పైకి చూపించాడు. తర్వాత లేచి, మెల్లగా నడిచి వచ్చి మా మ్యాట్ అంచున కూర్చున్నాడు.

గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. స్టేడియం దీపాలు అప్పుడే వెలిగాయి. ఖాళీ అయిపోతున్న పార్కింగ్‌లో ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన కూర్చుని, ఒకే నారింజపండును వలుచుకుంటున్నారు. లోపలి నుంచి పెద్ద కేక లేచింది. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు. ముసలాయన ఒక తొన తీసి అంకుల్ అరచేతిలో పెట్టాడు.