మా చిన్నాయన కారు చప్పుడు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో బండ్లను చెవులతోనే గుర్తుపట్టేవాళ్ళు. జమ్మలమడుగు దగ్గరి ఊరు మాది. పై వీధిది ఒక పార్టీ, మేముండే కింద వీధిది ఇంకో పార్టీ. ఏ పార్టీ కాదని చెప్పుకునే వీలు ఎవరికీ ఉండేది కాదు. ఎలక్షన్లు దగ్గరపడితే మిద్దెల మీద మనుషులు కాపలా కూర్చునేవాళ్ళు, పక్కన నాటు బాంబుల బకెట్టు పెట్టుకుని. మలుపులో జీపు మోత వినపడగానే వంటింట్లోని ఆడవాళ్ళు కూడా అదెవరిదో చెప్పేసేవాళ్ళు. తెలియని మోతైతే ముందు పిల్లల్ని లోపలికి లాగి, తర్వాత తలుపు గడియ పెట్టేవాళ్ళు.

మా చిన్నాయనకు ఒక పాత అంబాసిడర్ ఉండేది, బాడుగకు తిప్పేవాడు. కాన్పులకూ పాముకాట్లకూ రెండు వీధులవాళ్ళూ ఆ కారే ఎక్కేవాళ్ళు కాబట్టి దాని జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. అది పట్ పట్ పట్ మంటూ వస్తుంటే మలుపు తిరగకముందే ఊరికంతా తెలిసిపోయేది. బడి దగ్గర దాంట్లోంచి దిగాలంటే నాకు సిగ్గుగా ఉండేది.

ఒకసారి ఎలక్షన్ల ముందు జమ్మలమడుగు బస్టాండులో ఆ కారు సైలెన్సర్ ఢామ్మని పేలింది. జనం బాంబనుకుని చెప్పులు వదిలేసి పరుగెత్తారు. పోలీసులు చిన్నాయనను దింపి, డిక్కీ అంతా వెతికి, నోటికొచ్చినట్టు తిట్టి పంపారు. ఇక దాన్ని బాగు చేయించక తప్పదనుకున్నాడు. మా నాయనమ్మను జేజి అని పిలిచేవాళ్ళం. ఆ వారంలోనే ప్రొద్దుటూరు ఆస్పత్రిలో జేజికి కంటి ఆపరేషన్ అయింది. ఆమెను తీసుకురావడానికి చిన్నాయన బయల్దేరితే నేనూ ఎక్కి కూర్చున్నాను. ఆస్పత్రికంటే ముందు గ్యారేజీకి వెళ్ళాం.

మెకానిక్ భాయ్ ఇంజన్ ఆపనివ్వలేదు. తడి గోనెపట్ట మడిచి వెనక గొట్టానికి కాసేపు అదిమిపట్టమని చిన్నాయనకు చెప్పి, తాను ముందు వైపు దూరాడు. నన్నూ వంగి వినమన్నాడు. పొగ వెనకనుంచి పోలేక ఇంజన్ పక్కనున్న అతుకులోంచి బుస్సుమని తన్నుకొస్తోంది. ఆ అతుకు చుట్టూ నల్లగా మసి పట్టి ఉంది.

“మోత ఎనక ఇనపడతాది పాపా, పుట్టేది ఈడ,” అన్నాడు. చిన్నాయనతో, “యాక్సిలేటర్ మీద కాలెత్తినప్పుడు ఈ సందులోంచి గాలి లోపలికి పోతాది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆ గాలికి సైలెన్సర్లో అంటుకుంటాది. అదే నీ బాంబు,” అని నవ్వాడు. కొత్త వాషర్ వేసి బోల్టులు బిగించాడు. స్టార్ట్ చేస్తే కారు మెత్తగా గుర్రుమంది. నేను చప్పట్లు కొట్టాను.

జేజికి రెండు కళ్ళకూ గుడ్డ కట్టి పంపారు. వెనక సీట్లో నా చేయి పట్టుకుని కూర్చుంది. దారంతా కునుకు తీసి, ఊరు దగ్గరపడుతుండగా మెలకువ వచ్చి నా చేయి గట్టిగా పట్టి, “ఒరేయ్, ఎవురి కార్లో ఎక్కించినార్రా నన్ను? మన కారు యాడ?” అని అరిచింది. “మన కారేనమ్మా,” అని చిన్నాయన నవ్వాడు. జేజి నమ్మలేదు. చిరిగిన సీటును తడిమి చూసుకున్నా నమ్మలేదు. కన్నకొడుకు మాట కూడా ఆ మోత ముందు చెల్లలేదు.

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. మలుపుకు ఇవతలే కారు ఆపేశాడు. పొద్దుగూకుతోంది. ముందు దాటాల్సింది పై వీధి. “లోపల కూకున్న నీకే తెలీకపోతే మిద్దె మీదోళ్ళకు ఏం తెలుస్తాదిమా,” అన్నాడు నెమ్మదిగా. హారన్ కొట్టుకుంటూ పోదామని నేను సలహా ఇచ్చాను. “హారన్ అందురిదీ ఒకటే పాపా,” అన్నాడు.

డిక్కీలోంచి పానా తీసి, గుడ్డ తడిపి చేతికి చుట్టుకుని కారు కిందికి దూరి, పొద్దున బిగించిన బోల్టుల్నే వదులు చేశాడు. అయినా చేయి కాలింది. స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే పట్ పట్ పట్. జేజి, “ఆఁ, ఇదీ మనది,” అని వెనక్కి వాలింది. నాకు మాత్రం భయం పోలేదు. ఇప్పుడు కాలెత్తితే ఢామ్మంటుంది, ఆ వీధిలో ఢామ్మంటే ఎవరూ సైలెన్సర్ అనుకోరు. చిన్నాయన ఫస్ట్ గేర్లోనే, యాక్సిలేటర్ మీద పెట్టిన కాలు కదలనీయకుండా వీధంతా దాటించాడు. ఒక మిద్దె మీదినుంచి, “మన అంబాసిడరేలేప్పా, కూకోండి!” అని కేక వినపడింది. కారు ఇంటిముందు ఆగాక చూస్తే చిన్నాయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

మర్నాడు పై వీధి పెద్దాయన ఒకాయన జేజిని పలకరించడానికి వచ్చాడు. పోతూ పోతూ వాకిట్లో ఆగి చిన్నాయనతో, “మామా, నిన్న మలుపు అవతల ఏందో కొత్త కారు మోత ఇనపడింది. మావోళ్ళు బకెట్టులో చేయి పెట్టినారు. ఆమీట నీ కారు మోత ఇని తీసేసినారు,” అన్నాడు. చిన్నాయన విషయం చెప్పాడు. “ఈసారి బాగు చేపిస్తే ముందు మాకు ఇనిపిచ్చు,” అని ఆయన వెళ్ళిపోయాడు.

చిన్నాయన అలాగే చేశాడు. బోల్టులు మళ్ళీ బిగించాక పట్టపగలు రెండు వీధుల్లోనూ ప్రతి ఇంటి ముందూ కారు ఆపి, వాళ్ళు బయటికొచ్చి వినేదాకా ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. మనలో ఏదైనా మారితే అది ఎదుటివాడికి ముందే తెలియాలని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ పొద్దున ముందు సీట్లో కూర్చుని నేర్చుకున్నాను.

ఇప్పటికీ ఎవరింటికి పోయినా గేటు దగ్గరే ఆగి, “నేనే, వస్తాండా!” అని కేకేస్తాను. బెల్లుంది కదత్తా అని మా కోడలు విసుక్కుంటుంది. ఉంది, నాకూ కనపడుతుంది. ఎవరు నొక్కినా అది ఒకేలా మోగుతుంది.