పలకల బండికి ఇవ్వని చక్రాలు

నా కారు ఎందుకు పాడైందో ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పబోతే "ఇంకా అదేనా?" అని లేచిపోయినవాళ్ళే అందరూ. మా అక్క భర్త, అంటే మా బావ, మార్కాపురం బజారులో తన దుకాణం అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తన కథ చెప్పుకున్నాడు. ఊరు దాన్నే నమ్మింది. నా వైపు మాట ఒకటుందని ఎవరికీ తోచలేదు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడి ఏమన్నారో నాకు ఒక్క మాట కూడా పొల్లుపోలేదు.

అప్పట్లో మేము కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం. మా నాయనకూ మా బావకూ పలకల వ్యాపారం ఉమ్మడిది. గనుల నుంచి వచ్చిన రాయిని పల్చగా చీల్చి, కోసి, చెక్క చట్రాలు బిగించి, ఎద్దుబండ్ల మీద రైలు స్టేషనుకు పంపేవాళ్ళం. నేను ఆ లెక్కలూ రవాణా చూసేవాణ్ణి. నా కష్టానికి నేను కొనుక్కున్న వస్తువు జీవితంలో ఒక్కటే ఉంది. అదే ఆ కారు.

దొనకొండలో రైల్వే ఇంజనీరుగా ఉండిన ఒక ఇంగ్లీషు దొర తన సీమకు వెళ్ళిపోతూ దాన్ని అమ్మాడు. ముదురాకుపచ్చ రంగు. రెండే సీట్లు. గుడ్డ కప్పును వెనక్కి మడిచేయవచ్చు. బానెట్టుకు తోలు పటకా. ఎంత కురచదంటే, కూర్చున్నచోటి నుంచే చేయి చాపితే నేల తగిలేది. మా ఊరివాళ్ళు దానికి కప్ప అని పేరు పెట్టారు. మా నాయన చుట్టూ తిరిగి చూసి, "ముగ్గురు ఎక్కలేని బండి సంసారికి ఎందుకురా?" అన్నాడు. నేను మాత్రం తెల్లవారగానే కంభం మీదుగా గిద్దలూరు దాకా పోయేవాణ్ణి. నల్లమల కొండలు కుడిచేతి పక్కన లేచి వస్తుంటే, ముఖానికి గాలి చెంపదెబ్బలా తగులుతుంటే, ఆ కారు కింద రోడ్డు పాములా జారిపోయేది. మేకల మందలు దూరం నుంచే ఆ మోత విని పక్కకు తప్పుకునేవి. మనుషులు నా మాట విననిచోట మేకలైనా నా కారు మాట విన్నాయి.

ఆ కారుకు ఒక గుణం ఉంది. దాని ఇంజనుకు ఫ్యాను లేదు. పరుగెత్తేటప్పుడు ఎదురొచ్చే గాలే దాన్ని చల్లార్చాలి. నిలబెట్టి ఇంజను ఆడిస్తే కాగిపోతుంది. దొర అమ్మేటప్పుడే చెప్పాడు. నేను మా ఇంట్లో అందరికీ చెప్పాను. విన్నవాళ్ళు లేరు.

మా బావ పెద్దకూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందురోజు ఆయన మా ఇంటికి వచ్చాడు.

"ఏంది బామ్మర్దీ, నీ కప్పను బాగా తుడిపించు. రేపు మెరవణి దాంట్లోనే. ఆ వెనక మడత మీద చెక్క వేసి, పరుపు కట్టి, పిల్లనూ అల్లుణ్ణీ పైన కూర్చోబెడితే ఊరంతటికీ కనపడతారు. నువ్వు కింద తోలుతా ఉండు."

"బావా, అది మేళం నడకకు పనికొచ్చే బండి కాదు. దానికి ఫ్యాను లేదు."

"దాందేముంది? ఇద్దరిని పెడతా ముందర, విసనకర్రలు ఇచ్చి."

అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

"పోనీ దీపాలు పెట్టినాక పెట్టుకో. ఎండ తగ్గుతాది."

"పెట్రోమాక్సు వెలుతురులో నీ ఆకుపచ్చ నల్లగా కనపడతాది. పొద్దుండగానే పోవాల. మగపెండ్లివారు చూడొద్దా?"

మేనకోడలి పెళ్ళి. మేనమామను. కాదనలేదు. ఒక్క షరతు పెట్టాను: కాగినప్పుడు నేను ఆపమంటే ఆపాలి. "సరేలేవోయ్" అన్నాడు. ఆ మాట మా వాకిట్లో అన్నాడు, కాళ్ళకు చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు.

ఎండాకాలం. మేళగాళ్ళు ముందు, జనం వెనక, మధ్యలో నేను. నా తల వెనక నూతన దంపతుల కాళ్ళు. ప్రతి ఇంటి ముందూ ఆపి హారతి. హారతి ఇచ్చేది ఒకరైతే, పళ్ళెం వెతుక్కోవడానికి లోపలికి పోయేవాళ్ళు ఇద్దరు. అంతసేపూ ఇంజను ఆడుతూనే ఉంది. బజారు సగం దాటేసరికి బానెట్టు మీద చేయి పెట్టలేకపోయాను. పక్కనే నడుస్తున్న బావను పిలిచాను.

"ఇంజను ఆపుతా బావా. కాసేపు చల్లారనీ."

"నడిబజార్లో పెండ్లికూతురు బండి ఆపుతారా ఎవరన్నా? అపశకునం. మగపెండ్లివారు చూస్తా ఉండారు."

"నిన్న సరే అన్నావు."

"నిన్న నిన్నే. పోనీ, పోనీ."

నేను తాళం చెవి మీద చేయి వేస్తే, నా చేతి మీద ఆయన చేయి వేశాడు. నవ్వుతూనే వేశాడు. జనానికి అది బావాబామ్మర్దుల సరసంలా కనిపించి ఉంటుంది. ఆయన ఉంగరం నా వేలి కణుపు మీద నొక్కుకుంది.

తరువాతి హారతి దగ్గర రేడియేటరు మూత సందులోంచి ఆవిరి తన్నుకొచ్చింది. పైనుంచి మా మేనకోడలు, "మామా, పొగ!" అని అరిచింది. ఇక బావను అడగకుండానే ఇంజను ఆపి దిగాను. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోయకూడదు. ఆగాలి, లేదా వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోయాలి. హారతి ఇచ్చిన ఇంట్లోకి పరుగెత్తి స్నానాలకు కాచిన నీళ్ళు ఉన్నాయా అని అడిగాను. ఆ ఇంటి పెద్దావిడ బుగ్గన చేయి పెట్టుకుంది.

"కారుకు తలంటి పోస్తావా నాయనా?"

మళ్ళీ నవ్వులు. చెంబుతో వేడినీళ్ళు పట్టుకుని గడప దాటేసరికి, మా బావ తడి తువ్వాలుతో మూత తీయించి, బావి నీళ్ళ ఇత్తడి బిందె ఎత్తి పట్టుకున్నాడు.

"ఒద్దు బావా! పోయొద్దు!" అని గొంతు చించుకున్నాను.

మేళం మోతలో వినపడలేదని ఆయన తరువాత చెప్పుకున్నాడు. కానీ ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. చూసి, మళ్ళీ అటు తిరిగి, బిందె వంచాడు.

లోపల టప్పుమంది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎండిన కొమ్మ విరిగినట్టు. నాకు మాత్రం ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

మనుషులు కారును తోసుకుంటూ విడిది దాకా పోయారు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. మగపెళ్ళివారి పెద్దమనిషి ఏమైందని అడిగితే, మా బావ నా ఎదురుగానే, "మా బామ్మర్ది పాత బండిలెండి. ముందునుంచీ దానికి రోగమే" అన్నాడు. ఆ రోజు నాకు భోజనం మూడో బంతిలో దొరికింది. అప్పటికి బూరెలు అయిపోయాయి. అదీ మరిచిపోలేదు.

మర్నాడు నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే, నూనె మజ్జిగ రంగులో ఉంది. ఇంజను బ్లాకు పగిలి నీళ్ళు నూనెలో కలిశాయి. కొత్త బ్లాకు కోసం మద్రాసుకు రాశాను. యుద్ధం వచ్చిపడింది, సీమ నుంచి ఏ సామానూ రావడం లేదన్నారు. కారు మా ఇంటి పక్క కొట్టంలో పడి ఉంది. అంతకు ముందు అక్కడ మా గేదెల్ని కట్టేసేవాళ్ళం. మా నాయనకు ఆ చోటు కావాలి.

అప్పుడు బావ మరో మాట తెచ్చాడు. చక్రాలకు ఇనుప పట్టాలు వేసిన ఎద్దుబండ్లలో పోయే పలకలు ఆ రాళ్ళ దారిలో స్టేషను చేరేలోగా బోలెడన్ని పగిలిపోయేవి. పాత కార్ల ఇరుసులూ రబ్బరు చక్రాలూ బిగించి ఎద్దుబండ్లు చేయడం అప్పుడే మా వైపు మొదలైంది. అవి మెత్తగా పోతాయి.

"ఆ ఇరుసులు, చక్రాలు నాకిచ్చెయ్. తక్కినది ఇనప సామాన్ల వాడికి వేద్దాం" అన్నాడు.

మా నాయన, "అదీ నిజమే కదరా. పలకలు పగలకుండా పోతే నీకూ మేలే" అన్నాడు.

నిజమే. రవాణా చూసేవాణ్ణి, పగుళ్ళ బాధ నాకే ఎక్కువ తెలుసు. మా అక్క కూడా వచ్చి, "ఇచ్చెయ్ రా తమ్ముడా. మీ ఇద్దరి నడుమ నేను నలగలేను" అంది. రెండు రోజులు ఆలోచిస్తాననీ, ముందు ఒకరికి చూపిస్తాననీ చెప్పాను.

బ్లాకు విప్పి, గోనెలో చుట్టి, రైలెక్కించి దొనకొండ తీసుకుపోయాను. అక్కడి రైలింజన్ల షెడ్డులో పనిచేసే ఫిట్టరు ఒకడు సాయంత్రాలు బయటి పనులు పట్టేవాడు. బాగా నోరున్న మనిషి. పగులును వేలితో తడిమి చూశాడు.

"కాగే ఇంజన్లో నీళ్ళు ఎవురు పోసినారు?"

"మా బావ."

"బావలు ఉండేదే అందుకు గదా సామీ." వాడి నవ్వుకు షెడ్డు మారుమోగింది. తరువాత ముఖం మార్చి, "రాగి రేకు పెట్టి మరలు బిగిస్తా. ఆడతాది. కానీ వెనకటి పరుగు మర్చిపో. కొండ ఎక్కించొద్దు. తొందరపెట్టినావంటే మళ్ళీ విచ్చుకుంటాది. అప్పుడు నా మీద పడొద్దు" అన్నాడు.

బ్లాకు అక్కడే ఉంచి, కబురు చేస్తానని తిరుగు రైలెక్కాను. దారి పొడుగునా అదే ఆలోచన. పరుగు కోసం కొన్న కారు. పరుగెత్తకూడని కారును ఉంచుకుని ఏం చేయాలి? గిద్దలూరు దారి లేదు. కొండ గాలి లేదు. ఇచ్చేస్తే పలకలు బాగుంటాయి, అక్క నిమ్మళంగా ఉంటుంది, నాయనకు గేదెల చోటు దొరుకుతుంది. ఇచ్చేద్దామనే సగానికి పైగా అనుకున్నానేమో కూడా.

ఇంటికి వచ్చి కొట్టంలోకి పోయాను. లోపల మా బావ, వడ్రంగి. ఇద్దరూ కారు కింద చూస్తున్నారు. నేను ఇంకా ఔననలేదు. వడ్రంగి అప్పటికే కొలతలు వేసి, ఇరుసు మీదా చక్రాల మీదా బలపంతో గీతలు గీశాడు. ఆకుపచ్చ రంగు మీద కూడా ఒక గీత, ఎక్కడ కోయాలో తెలిసేట్టు.

"వచ్చినావా? ఏమన్నాడు ఫిట్టరు?" అన్నాడు బావ, లేవకుండానే.

"బాగు చేస్తానన్నాడు."

"పరుగెత్తుతాదా?"

"పరుగెత్తదు."

"మరి పరుగెత్తని కప్పను పెట్టుకుని ఏం చేస్తావు? పూజ చేస్తావా?"

"చేస్తా. నీకేం పోయె?"

గుడ్డ తడిపి తెచ్చి, వాళ్ళ ముందరే గీతలన్నీ తుడిచాను. వడ్రంగి తన కొలబద్ద తీసుకుని మెల్లగా జారుకున్నాడు. బావ మోకాళ్ళు దులుపుకుని లేచి, "ముందునుంచీ రోగపు బండి. దానికి తగ్గ మనిషివి నువ్వు" అన్నాడు.

అప్పుడే తేల్చుకున్నాను. ఆ చక్రాలు పలకల బండి కింద తిరిగినన్నాళ్ళూ, అది రోగపు బండి అన్న మాటే ఊళ్ళో తిరుగుతుంది. నా కారుకు రోగం లేదు. దానికి జరిగింది వేరు. అది నడిచినా నిలబడినా నా దగ్గరే ఉంటుంది.

మా నాయన, "పలకలు పగిలినప్పుడల్లా నీ పేరే తలుచుకుంటా" అన్నాడు. బావ అంతకంటే ముందుకు పోయాడు. స్టేషనులో పగిలి తేలిన పలకలన్నీ వెనక్కి తెప్పించి నా కొట్టం ముందు కుప్ప పోయించాడు, జనం చూసేట్టు. ఆ ముక్కలన్నీ ఏరి, కొట్టంలో నేలంతా పరిచాను. గేదెలు తొక్కి గుంటలు పడిన నేల చదునుగా, నల్లగా, నున్నగా తయారైంది. దాని మీద కారు పెట్టాను. మార్కాపురంలో పలక పరుపు మీద నిలబడిన కారు నాదొక్కటే.

ఫిట్టరు అతుకు వేశాడు. ఇంజను ఆడింది. యుద్ధం మూలాన పెట్రోలు కూపన్ల మీద ఇచ్చే రోజులు, తిరిగేది ఎలాగూ కొంచెమే. పొద్దుటి చల్లదనంలో కొనకనమిట్ల దారిలో కాస్త దూరం, సైకిలువాడు దాటిపోయేంత నెమ్మదిగా పోయి వచ్చేవాణ్ణి. వచ్చేటప్పుడు బజారు మీదుగానే వచ్చేవాణ్ణి. బావ దుకాణం ముందు హారను కొట్టేవాణ్ణి. ఆయన తల ఎత్తేవాడు కాదు.

కొన్నేళ్ళకు ఆయన రెండో కూతురి పెళ్ళి. మా అక్క వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడింది.

"మెరవణికి కారు అడిగి రమ్మన్నాడు."

"రోగపు బండి ఎందుకంట?"

"దెప్పొద్దురా. చిన్నది ఏడుస్తా ఉంది. వాళ్ళక్క పోయిన బండిలోనే పోతానంటుంది."

"నేనే తోలతా అక్కా. నీళ్ళు కాచి వెంట తెచ్చుకుంటా. ఆయన్ను ఒక్కసారి ఇక్కడికి వచ్చి, ఈ కారు పక్కన నిలబడి, నేను అడిగేదానికి జవాబు చెప్పమను. క్షమాపణ అడగమనలేదు. జవాబు చెప్పమను, చాలు."

ఆయన రాలేదు. చిన్నపిల్ల అద్దెకు తెచ్చిన గుర్రపు బండిలో ఊరేగింది. పిల్ల మనసు కష్టపెట్టానని అందరూ నన్నే అన్నారు. ఆయనకు ఆ కొట్టం దాకా నడవడం ఎందుకు కష్టమైందని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ఇద్దరమూ ముసలివాళ్ళం. కారు ఇంకా ఆ పలకల మీదే ఉంది. కొట్టం తలుపు తీసే ఉంటుంది.

బావా, నువ్వు ఇప్పటికీ రోజూ సాయంత్రం అదే అరుగు మీద కూర్చుంటావు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఎవరు ఏ ధర చెప్పినా వింటున్నావు. ఆ రోజు మేళం మోతలో నా మాట వినపడలేదంటావు. వినపడకపోతే తల తిప్పి నా వైపు ఎందుకు చూశావు? చూసి, మళ్ళీ అటు తిరిగి బిందె ఎందుకు వంచావు? ఆ ఒక్కటి చెప్పు. నీ నోటితో, నలుగురి ముందు చెప్పు.