పాట మాదే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా నాన్న నుంచి వచ్చింది మాత్రం కాదు. మండపేట దగ్గర మా ఊరి లూథరన్ చర్చిలో ఆయన క్వయర్ నడిపేవారు, పాటలు కట్టేవారు. మా చర్చిలో పాట కట్టినవాళ్ళు కింద తమ పేరు రాసుకునే అలవాటు లేదు. 'దేవుని మహిమార్థం' అని రాసి ఊరుకుంటారు. పక్క ఊరివాళ్ళు వచ్చి అడిగితే నాన్న ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పి పంపేవారు.

ఆయన పోయిన కొన్నేళ్ళకు రాజమండ్రిలో ఒక స్టూడియో వాళ్ళు ఆయన ఈస్టరు పాటను రికార్డు చేసి నెట్‌లో పెట్టారు. కింద రచన, స్వరకల్పన అంటూ ఎవరిదో పేరు. చూడగానే ఒళ్ళు మండిపోయింది. నేను పనిచేసే స్కూల్లో కంప్యూటర్ చెప్పే టీచరును పక్కన కూర్చోబెట్టుకుని కాపీరైటు ఫిర్యాదు పెట్టాను. ఫారంలో హక్కుదారు ఎవరని అడిగితే, నాన్న వారసురాలిగా నా పేరు ఇచ్చాను.

ఏ వీడియోలు తీసేయాలని కూడా ఆ ఫారం అడిగింది. స్టూడియో వాళ్ళది ఒక్కటి చూపిస్తే సరిపోయేది. నేనెందుకు ఊరుకుంటాను? పాట పేరు కొట్టి, వచ్చినవాటినల్లా అందులో అతికించాను. ఒక్కటీ తెరిచి వినలేదు.

"ఇందులో ఎవరెవరివో ఉన్నాయి కదండీ. ఒకసారి చూడకూడదా?" అంది ఆ టీచరు.

"ఎవరివైతే ఏంటండి? పాట మాదే."

కొద్ది రోజుల్లో అన్నీ ఎగిరిపోయాయి. తాపేశ్వరం కాజాలు తెప్పించి స్టాఫ్‌రూములో పంచాను. ఆ కాజాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా పక్కింటి పిన్నిగారు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. వాళ్ళాయన నాన్న క్వయర్‌లో పాడేవారు. ఆయనా కిందటేడు పోయారు. అంతకుముందు ఈస్టరుకి ఆయన ఒక్కరే ఆ పాట పాడితే, మా చర్చి సెక్రటరీ గారు వీడియో తీసి చర్చి చానెల్లో పెట్టారు. పిన్నిగారు రోజూ పొద్దున్నే ఫోన్‌ను బియ్యం డబ్బాకి ఆనించి, అది వింటూ కాఫీ తాగేవారు. ఆయన గొంతు ఆమెకు మిగిలింది ఆ వీడియోలోనే.

"అమ్మాయ్, మీ బాబాయిగారి పాట రావట్లేదే. నెట్ అయిపోయిందేమో, కాస్త చూసి పెడతావా?"

చూశాను. ఫలానావారి ఫిర్యాదు మేరకు ఈ వీడియో తొలగించామని ఇంగ్లీషులో ఉంది. ఆ ఫలానావారి చోట నా పేరుంది. తల కొట్టేసినట్టయింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను దేవుడి గుడిలో నిలబడి, "అవునండి, నెట్ లేదు" అన్నాను.

ఇంటికెళ్ళగానే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. అయినా వీడియో రాలేదు. ఫిర్యాదు నోటీసు చూసి, చానెల్ మొత్తం పోతుందేమోనని హడలిపోయి సెక్రటరీ గారే ఆ మధ్యాహ్నం దాన్ని తన చేత్తో చెరిపేశారట. వీడియో తీసిన ఫోన్ అంతకుముందే ఎక్స్ఛేంజిలో ఇచ్చేశారట. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. పైగా నేను తగలబెట్టింది పక్కవాళ్ళ ఇల్లు. స్టూడియో వాళ్ళు మాత్రం ఇంకో చానెల్లో అదే పాట మళ్ళీ పెట్టుకున్నారు.

మర్నాడు సాయంత్రం వెళ్ళి పిన్నిగారికి అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. చీర కొంగు సర్దుకున్నారు.

"మీ నాన్న పాట మీదే అమ్మా. కాదన్నదెవరు?" అన్నారు. "మరి మీ బాబాయి గొంతు ఎవరిది?"

నాన్న ఉంటే నా మొహం చూసేవారు కాదు.

ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధుల దగ్గరికి వెళ్ళాం. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. పాస్టరుగారు నాన్న పాటే ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. పిన్నిగారు మాత్రం వాళ్ళాయన సమాధి దగ్గర నోరు మెదపకుండా నిలబడ్డారు. వెళ్ళి పక్కన నించున్నాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగారు. గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగారు.

"నేను పాడొచ్చా అమ్మా?"