గుమ్మడికాయల నడుమ నా ఫోటో

ముందుగాల ఒక మాట చెప్పి మొదలువెడ్త. నేను బతికే ఉన్న. నవ్వకుండ్రి! పోయిన శుక్రవారం సాయంత్రం గిదే మాట మా ఇంటి గేటు కాడ నిలవడి పదిహేను మందికి చెప్పాల్సొచ్చింది. ఒక్కరు నమ్మలే!

అంతా ఒక కార్టూన్ వల్ల.

మీకు తెలుసు గద, నేను ఉండేది వికారాబాద్‌ల, పని తాండూర్‌ల. ఒక జూనియర్ కాలేజీల లైబ్రేరియన్‌ని. పొద్దున ట్రెయిన్ల పోత, సాయంత్రం ట్రెయిన్ల వస్త. నా డిగ్రీ దోస్తు నస్రీన్ తాండూర్‌లనే ఉంటది. సినిమాలు, సిరీస్‌ల మీద తెలుగుల రివ్యూలు వేసే చిన్న వెబ్‌సైట్ నడిపిస్తది. అండ్ల కార్టూన్ల డిపార్ట్‌మెంట్ నాది. ఎందుకంటే వేరే ఎవ్వరు తీస్కోలే.

పోయిన వారం నస్రీన్ ఫోన్ చేసి ఒకటే ఒర్రుడు. "సునీతా! గా లిఫ్ట్ మెకానిక్ ఫ్యామిలీ కార్టూన్ లేదా? దాన్ని తెలుగుల డబ్బింగ్ చేసిన టీమ్ మెసేజ్ పెట్టింది యార్! హాలోవీన్ ఎపిసోడ్ మీద మంచిగ రాస్తే వాళ్ల పేజీల షేర్ చేస్తరంట. శుక్రవారం పది గంటలకల్లా కావాలె. నాలుగేండ్లకు ఒక్క చాన్స్ వచ్చింది. జర ఖరాబ్ చెయ్యకు!"

"ఫికర్ చెయ్యకు, నా మీద ఇడ్శిపెట్టు" అన్న. గా మాటతోనే కొంప మునిగింది.

ఆ కార్టూన్ల లిఫ్టులు రిపేర్ చేసే నాయిన ఉంటడు. ఉత్తరాలు పంచే అమ్మ, కవల పిల్లలు, ఒక నాయినమ్మ, ఆమె పెంచుకునే చిలుక. ప్రతి ఎపిసోడ్‌ల ఏదో ఒక లొల్లి, ఆఖర్ల అందరు కలిసి కూసొని బువ్వ తింటరు. ఇగ హాలోవీన్ అంటరా, అమెరికోళ్ల దయ్యాల పండుగ. గుమ్మడికాయకు కండ్లు, నోట్ల పండ్లు చెక్కి లోపట దీపం పెడ్తరు. నాకు తెలిసింది గంతే.

గురువారం పనులల్ల పడి చూడలే. శుక్రవారం పొద్దున ఇంట్ల వైఫై మీద డౌన్‌లోడ్ పెట్టి, అన్నం డబ్బా సర్దుకుని స్టేషన్‌కు ఉరికిన. కిటికీ సీటు దొరికింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న.

కథేందంటే, నాయినకు ఒక పాత బిల్డింగుల నంబర్ లేని బటన్ ఉన్న లిఫ్ట్ కనిపిస్తది. ఒత్తుతడు. కిందికి పోతడు. మళ్ల రాడు. ఎతుక్కుంట అమ్మ పోతది, ఆమె రాదు. కవలలు పోతరు. ఆఖరికి నాయినమ్మ సుత పోతది. లిఫ్ట్ పైకొస్తది, తలుపు తెరుచుకుంటది. లోపట చిలుక ఒక్కతే. "అందరు దిగిపోయిన్రు" అంటది. స్క్రీన్ నల్లగైంది.

అయిపోయింది!

గింత నవ్విచ్చిన కుటుంబం మొత్తం ఖతమా? కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు. ఎదురుంగ కూసున్న పెద్దమ్మ ఒక జామపండు చేతుల పెట్టి, "అత్తతోని లొల్లా బిడ్డా?" అని అడిగింది. ఔనని తల ఊపిన.

గా బాధలనే నడుమ ధారూర్ స్టేషన్ కాడ మొదలువెట్టి, తాండూర్ వచ్చేసరికి రివ్యూ రాసి పడేసిన. జిందగీల అంత మంచిగ ఎన్నడు రాయలే! కథ రాసినోళ్లది పిల్లలను సుత ఇడువని ధైర్యం అని పొగిడిన. ఇగ ఈ నవ్వులు మనకు లేవు, మనం అనాథలమైనం అని ఏడ్శిన. పైన హెడ్డింగ్ పెట్టిన: "ఇక సెలవు... కన్నీటి వీడ్కోలు!"

నస్రీన్ వేరే పనిల ఉండి చదవనే లేదు. నా మీద అంత భరోసా! రాసింది నేను గదా అని పైన నా ఫోటో పెట్టి, దయ్యాల పండుగ గదా అని నల్ల బ్యాక్‌గ్రౌండ్ వేసి, ఫోటో చుట్టు చిన్న చిన్న గుమ్మడికాయలు వరుసగ పేర్చింది. కంప్యూటర్ల చూస్తే గుమ్మడికాయలే. ఫోన్ల చిన్నగ చూస్తే మాత్రం అచ్చం బంతిపూల దండ.

అది మా ఇద్దరికి తట్టలే. లింకును మా డిగ్రీ దోస్తుల గ్రూపుల వేసింది. అండ్లకెల్లి ఎవరో మా బంట్వారం చుట్టాల గ్రూపుల పడేసిన్రు.

పదకొండు గంటలకు మ్యాథ్స్ చెప్పే ఇమ్రాన్ సార్ లైబ్రరీకొచ్చిండు. "మేడమ్, రివ్యూ మస్తుంది. కానీ మిగిలిన రెండు కథల గురించి ఒక్క ముక్క సుత రాయలేదేంది?"

"ఏ రెండు కథలు సార్?"

"హాలోవీన్ స్పెషల్ అంటే మూడు కథలు గద మేడమ్! ఒకదానికొకటి సంబంధముండదు. మొదటిదాంట్ల సచ్చినోళ్లు రెండోదాంట్ల మంచిగ లేశి తిరుగుతరు."

గబగబ ఫోన్ తీసిన. డౌన్‌లోడ్ మూడోవంతు కాడనే ఆగిపోయి ఉన్నది! రివ్యూ కింద డబ్బింగ్ టీమ్ కామెంట్ పెట్టింది: "మేడమ్ గారూ, మావాళ్లందరూ క్షేమంగా ఉన్నారు. వీలు చూసుకుని ఎపిసోడ్ మొత్తం చూడగలరు."

నస్రీన్‌కు ఫోన్ కొట్టిన. "తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

"యా అల్లా! నువ్వు మొత్తం చూడలేదా సునీతా?"

"తిట్టుడు తర్వాత, ముందుగాల తీసెయ్ తల్లీ!"

తీసేసింది. అదే నిమిషంల నా ఫోన్ చార్జింగ్ అయిపోయి బంద్ పడ్డది, చార్జర్ ఇంట్లనే మర్చిపోయిన. హమ్మయ్య, బతికిపోయిన అనుకున్న.

ఎంత పిచ్చిదాన్ని! రివ్యూ ఉంటే ఎవరన్న తెరిచి చదివి, ఓహో కార్టూన్ ముచ్చటనా అని నవ్వుకునేటోళ్లు. ఇప్పుడు లింక్ ఒత్తితే "ఈ పేజీ లేదు" అని వస్తున్నది. గ్రూపుల మాత్రం దండేసిన నా ఫోటో, దాని కింద "ఇక సెలవు" ఉన్నయ్. నాకు ఫోన్ కొడితే స్విచాఫ్.

బంట్వారంల మా చిన్నమ్మ ఉంటది, మా అమ్మ చెల్లె. ఆమె మా ఆయనకు ఫోన్ చేసింది. మా ఆయనకు టైర్ల షాపు. అప్పుడే ఒక లారీ టైరు ఇప్పుతున్నడంట.

"అల్లుడా... మా బిడ్డ ఎట్ల పోయింది?"

"ట్రెయిన్ల పోయింది అత్తమ్మా."

"అయ్యో దేవుడా! ఎప్పుడు?"

"పొద్దున ఏడున్నరకు."

"నువ్వు పక్కన లేవా?"

"నేనెందుకుంట? రోజు పోయేదే గద!"

"మరి... ఎప్పుడు తీస్కొస్తరు?"

"తీస్కొచ్చుడేంది అత్తమ్మా? ఆమెనే వస్తది. ఆరింటికల్లా ఇంట్ల ఉంటది. రాంగ పాలు తెమ్మని చెప్పిన."

పాపం, అల్లునికి మతి పోయిందని చిన్నమ్మ ఇంకింత గట్టిగ ఏడ్శి, చుట్టాలందరిని ఆటో ఎక్కిచ్చింది.

ఆరింటికి నేను పాల ప్యాకెట్ పట్టుకుని మా గల్లీలకు మలిగిన. మా ఇంటి ముంగట ఆటో, కుర్చీలు, కుప్పలు కుప్పలు చెప్పులు. ఎవరికో ఏదో అయ్యింది! ఉరికిన. గేటు కాడ పక్కింటి రజియా ఆపా తలకాయ వంచుకుని ఏడుస్తున్నది. ఆమెను జూసి నేను సుత ఏడుపందుకున్న.

"ఎవరు ఆపా? ఎవరికేమైంది?"

ఆపా నా దిక్కు చూడకుంటనే కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. "మన సునీత... బంగారమసొంటి పిల్ల!"

మీరు నమ్మరు, నేను రెండు సెకండ్లు నిజంగనే బాధపడ్డ. అయ్యో, సునీత పోయిందా అని! అప్పుడు ఆపా తలెత్తి నన్ను చూసింది. ఆమె పెట్టిన కేకకు గల్లీ అంత బయటికొచ్చింది. పాల ప్యాకెట్ కింద పడి పలిగింది.

"నేను బతికే ఉన్న!" అని మొత్తుకున్న. అందరు రెండడుగులు ఎనుకకు జరిగిన్రు. చిన్నమ్మ ఒక్కతే ధైర్యం చేసి వచ్చి, వంగి నా పాదాలు ముంగటికున్నయా ఎనుకకున్నయా అని చూసింది. ముంగటికే ఉన్నయ్. అప్పుడు అలుముకుని ఏడ్శింది. ఎంటనే ఈపు మీద ఒక్కటి సరిశింది.

మా ఆయన లోపట చాయ్ పోస్తున్నడు. "వచ్చినోడల్లా నన్ను పట్టుకుని ధైర్యంగ ఉండు అంటున్నడు. షాపు కాలిపోయిందేమో అని రెండు సార్లు పోయి చూసొచ్చిన" అన్నడు.

ఇగ అందరి నడుమ కూసొని చెప్పిన. దయ్యాల పండుగ, డబ్బింగ్, మూడు కథలు, గుమ్మడికాయలు. చిన్నమ్మ మొత్తం విన్నది. "అంటే, నువ్వు పూరాగ చూడని బొమ్మల కథ మీద రాస్తివి. దానికి మేము బంట్వారం నుంచి గుండెలు బాదుకుంట వచ్చినం. గంతేనా?"

"గంతే చిన్నమ్మా."

శనివారం కూసొని మూడు కథలు పూరాగ చూసిన. మాఫీ అడిగి కొత్త రివ్యూ రాసిన. డబ్బింగ్ టీమ్ జవాబియ్యలే. చాన్స్ పోయింది. ఆదివారం నస్రీన్ ఫోన్ చేసింది, గొంతుల పానం లేదు.

"నువ్వు సచ్చిపోయిన రివ్యూ మీద గంటసేపట్ల జనం ఎగవడి ఒత్తిన్రు యార్! మన సైట్ పుట్టినప్పటి సంది గంత మంది రాలే. కొత్తదాన్ని తెరిచింది మొత్తం ఆరు సార్లు."

"ఆరు సార్లా!" నాకు జర పానం లేశొచ్చింది. "ఎవరో చదువుతున్నరే!"

"నువ్వెన్ని సార్లు తెరిచినవ్?"

మెల్లగ చెప్పిన. "ఐదు."

"ఆరోది నేను" అని ఫోన్ పెట్టేసింది.