కబురు అందిన రోజు

నా కింద ముగ్గురు విచారణ ఉద్యోగులు పనిచేసేవారు. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడినుంచి కాలినడకన బయల్దేరి ఇల్లు చేరని మన కూలీల సంగతి వాకబు చేసి, వాళ్ల కుటుంబాలకు ఏదో ఒక జవాబు చేర్చడం మా పని. ముగ్గురిలో విశాఖపట్నం వైపు చూసే సూర్యనారాయణ మెరికలాంటివాడు. అలాంటివాడు ఒకే ఒక్క ఫైలు మీద మూడేళ్లుగా ‘విచారణలో ఉంది’ అని రాస్తుంటే నాకు ఒళ్లు మండింది. రామునాయుడు అనే కూలీ దారిలో చనిపోవడం కళ్లారా చూసిన సాక్షి మాట ఆ ఫైల్లోనే ఉంది. ఇంకేం విచారణ? ఉత్తరం రాస్తే పొడి పొడి జవాబులు. మనిషినే పట్టుకుని అడుగుదామని, డెబ్భైల చివర్లో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో పాసింజరు ఎక్కాను.

తుని దాటాక ఎదురు సీట్లో కూర్చున్న పోర్టు గుమాస్తా టిఫిన్ డబ్బా విప్పాడు. కృష్ణా జిల్లా మనిషి, కలుపుగోలు. రెండు పూరీలు నా చేతిలో పెట్టి, “వైజాగులో పనేమిటండీ?” అని అడిగాడు.

“పోయినవాళ్ల గురించి కనుక్కునే పనండి.”

ఆయన డబ్బా మూతపెట్టి కిటికీ వైపుకి జరుపుకున్నాడు. అనకాపల్లి దాకా మళ్లీ మాట్లాడలేదు. ఈ ఉద్యోగంలో ఇలాంటివి నాకు అలవాటే.

బండి పాతిక నిమిషాలు ఆలస్యంగా ఒంటిగంట ఇరవైకి విశాఖపట్నం చేరింది. సూర్యనారాయణ స్టేషనుకి వచ్చాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో లాడ్జి చూసిపెట్టాడు. గది శుభ్రంగానే ఉంది కానీ ఎండుచేపల వాసన దుప్పట్లోకి కూడా దిగింది. భోజనం కాగానే, “ముందు సాక్షిని చూడాలి” అన్నాను. మూడు గంటల బస్సుకి తగరపువలస వెళ్లాం.

సాక్షి పేరు పైడయ్య. ఎనభై దగ్గర పడ్డ మనిషి, చూపు ఆనదు. నులకమంచం మీద కూర్చుని, మేం లేని వైపుకి తిరిగి చెప్పాడు.

“ఆడి మీద మట్టి నానే కప్పీసినాను బాబూ. రాళ్లు కూడా నానే ఎత్తినాను. రామునాయుడు కాదా? రంగూన్లో నా పక్క పాకోడే.”

“ఏ రోజు?”

“రోజులెవులికి తెల్సు? నడిసినోలం నడిసినాం, పడినోలు పడిపోనారు.” గొంతు తగ్గించాడు. “ఆడి పెళ్లానికి ఇంకా సెప్పనేదేటి? మూడేళ్ల నించి కల్లోకొచ్చి అడుగుతన్నాడు, సెప్పినారా అని.”

మూడేళ్ల కిందటే సూర్యనారాయణ ఈయన దగ్గర వాంగ్మూలం తీసుకున్నాడు. నేను చటుక్కున అతని వైపు చూశాను. సూర్యనారాయణ మాత్రం నేల చూస్తూ ఉన్నాడు.

శనివారం ఉదయం మార్కెట్ దగ్గర ఇడ్లీ తిని, రామునాయుడి భార్య ఉండే ఊరికని ఎనిమిదిన్నర బస్సులో గాజువాక వైపు బయల్దేరాం. కండక్టరు సూర్యనారాయణని గుర్తుపట్టాడు.

“ఏటి బావా, మళ్లీ ఆ ఊరికేనా? అక్కడెవులున్నారు?”

“ఒక మనిషుంది బావా.”

“ఒకలా, ఇద్దరా?” అని నవ్వాడు కండక్టరు. ఎవరూ నవ్వకపోయేసరికి టిక్కెట్లు చింపి ముందుకి పోయాడు.

బస్సు దిగి ఎర్రమట్టి దారిలో గంటన్నర నడిచాం. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊరు అది. వెళ్లేవాళ్లు తలుపులు, ద్వారబంధాలు, దూలాలు ఊడదీసుకుని వెళ్లారు. గోడలు మిగిలాయి. నూతికి గిలక లేదు. ఒక వాకిట్లో రోలు, పక్కనే చిన్నపిల్లల చెప్పు ఒకటి. కుక్క లేదు, కోడి లేదు. మేం మాట్లాడితే మా మాటలు ఆ గోడల మధ్య తిరిగి, మా వెనకనుంచి ఎవరో అంటున్నట్టు వినిపించేవి. అందుకని సూర్యనారాయణ గుసగుసగానే చెప్పాడు.

“మొదటిసారి ఈ కబురు చెబుదామనే వచ్చానండి. పన్నెండయింది. లోపల ఆకు వేసి వడ్డించి ఉంది. ఆవిడ తినమంది, తిన్నాను. ఆ ఆకు రామునాయుడిదని తర్వాత తెలిసింది. రోజూ ఆయనకి వడ్డిస్తుంది. ఆయన అన్నం తిన్న నోటితో ఆయన పోయాడని ఎలా చెప్పమంటారు?”

“నోరు కడుక్కుని చెప్పాల్సింది” అన్నాను కసిరినట్టే.

“ఇంకోటి కూడా ఉందండి” అన్నాడు. అది చెప్పేలోపే ఆ ఇల్లు వచ్చేసింది.

ఊరంతట్లో తలుపున్న ఇల్లు అదొక్కటే. కళ్లాపి చల్లి ముగ్గు వేసి ఉంది. అప్పలనరసమ్మకి అరవై ఉంటాయి. నుదుట పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. పెళ్లయిన ఏడాదికే భర్త రంగూన్ వెళ్లాడు.

“కూకోండి బాబూ. మా ఆయనకి ఒడ్డించీసి ఒత్తాను” అని లోపలికి వెళ్లింది. కాసేపటికి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. “తిన్నప్పుడు సూడకూడదు. కొత్తకాపురం గదా, సిగ్గుపడీవోడు.”

ముగ్గురం అలా కూర్చున్నాం. అప్పుడు లోపల గ్లాసు నేలమీద పెట్టిన చప్పుడయింది. ఇత్తడి గ్లాసు, నీళ్లు తాగి పెట్టిన చప్పుడు. సూర్యనారాయణ నా మొహం చూశాడు.

“గాలి” అన్నాను. దండెం మీద చీర కదలకుండా వేలాడుతోంది.

సోమవారం గోడలు పడగొట్టే యంత్రాలు వస్తాయని ఆమెకి తెలుసు. కొత్త కాలనీలో తమ్ముడు గది కట్టి ఉంచాడు. “ఎల్లను” అంది. “అడ్రస్సు ఇదే గదా బాబూ. ఉత్తరం రాసినా ఇక్కడికే రాస్తాడు, ఒచ్చినా ఇక్కడికే ఒత్తాడు. ఊరు తీసీసినాక ఆ మనిషి ఎవుల్ని అడుగుతాడు?”

ఇంక ఆగకూడదనుకున్నాను. చెప్పేశాను. ఎక్కడ పోయాడో, ఎవరు కప్పారో, రాళ్లు ఎవరు ఎత్తారో, అంతా చెప్పాను. ఇలాంటి కబుర్లు చెప్పడంలో నాకు చేయి తిరిగిందని గర్వం ఉండేది. ఆమె ఏడవలేదు.

“ఏ రోజు బాబూ?”

“తెలియదమ్మా. చూసినవాడికే గుర్తులేదు.”

“టైమెంతయింది?”

వాచీ చూశాను. “పన్నెండూ పది.”

“రోజు తెలకపోతే, మాలో కబురిన్న రోజే పోయిన రోజు. అయితే ఇయ్యాలే.” సూర్యనారాయణ వైపు తిరిగింది. “ఈ బాబు ఎందుకొత్తన్నాడో నాకు తెలుసు. సెప్పకుండా ఎల్లిపోయినప్పుడల్లా, ఆయన్ని ఇంకొన్నాళ్లు ఉండనిచ్చినాడనుకునీదాన్ని.”

సూర్యనారాయణ చెప్పబోయిన రెండోది, కబురు విన్న రోజే పోయిన రోజనే ఈ ఆచారమే. అతను తువ్వాలులో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు సిగ్గేసింది. పని ఎగ్గొట్టాడని కసిరాను కానీ, చెప్పినవాడి నోటితోనే ఆ మనిషి పోతాడని అతనికి తెలుసు, నాకు తెలియదు.

ఆమె లోపలికి వెళ్లింది. మేం చెవులొగ్గి విన్నాం. ఏ చప్పుడూ లేదు. ఆకు తెచ్చి దూరంగా గోడ అవతల పెట్టింది. నూతిలో చేద వేసి నెత్తిన నీళ్లు పోసుకుంది. “మీరూ పోసుకోండి బాబూ, ఇన్నోలకీ సెప్పినోలకీ మైల తగుల్తాది” అంది. మేమూ పోసుకున్నాం. తర్వాత ఒక మూట, ఒక తపేలా పట్టుకుని మాతో బయల్దేరింది. తలుపు వెయ్యమంటారా అని సూర్యనారాయణ అడిగితే, “ఇంకెందుకు?” అంది. ఆమెని కాలనీలో తమ్ముడి ఇంటి దగ్గర దింపి, నేను నాలుగింటికల్లా స్టేషనుకి చేరాను.

ఈ వైపు వెళ్లాలనుకునేవారికి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. లాడ్జి బాగానే ఉంటుంది, బస్సులు వేళకే తిరుగుతాయి, గాజువాక దాటాక మంచినీళ్లు దొరకవు. ఆ ఊరు మాత్రం ఇప్పుడు లేదు. విశాఖపట్నం అంటే జనానికి ఓడలు, సముద్రం గుర్తొస్తాయి. నాకు తలుపు వెనక గ్లాసు చప్పుడు గుర్తొస్తుంది. అది గాలి అని ఈ రోజుకీ నన్ను నేను నమ్మించుకోలేకపోయాను.

నాలుగూ నలభైకి బండి కదిలింది. నా పక్కన సామర్లకోట వెళ్లే ముసలావిడ పులిహోర పొట్లం విప్పి నాకు చాపింది. వద్దన్నాను. ఆవిడ నా దువ్వని జుట్టు, తడిసి ఆరి ముడతలు పడ్డ చొక్కా పరకాయించి చూసింది.

“ఎవరైనా పోయారా బాబూ?”

“అవునండి.”

“ఎప్పుడు?”

దాదాపు నలభై ఏళ్ల కిందట అని చెప్పాల్సినవాణ్ణి. నా ఫైల్లో ఉన్నదీ అదే.

“ఈ మధ్యాహ్నం పన్నెండూ పదికండి” అన్నాను. “నేను అక్కడే ఉన్నాను.”